ఒక గుద్దు... మూడు చప్పుళ్ళు!

బాక్సింగ్ జిమ్‌లో కళ్ళు మూసుకుని కూచున్నా స్పీడ్ బ్యాగ్ ఎలా ఉందో చెప్పేయొచ్చు. చెక్క బోర్డు కింద వేలాడే, బేరిపండు ఆకారంలో ఉండే తోలు సంచి అది. ఒక్క గుద్దు గుద్దితే అవతలా, ఇవతలా, మళ్ళీ అవతలా బోర్డుకి తగిలి వెనక్కొస్తుంది. అప్పుడు రెండో గుద్దు. తకిట, తకిట, తకిట... అలా నడవాలి. నడక తప్పిందంటే లోపం చేతిలోనైనా ఉండాలి, సామానులోనైనా ఉండాలి.

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉండే చిన్న జిమ్‌లో సామాను చూసుకునే పని నాది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక ఆడపిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లిదండ్రులు మా దగ్గర పెరిగారు. వాళ్ళలో ఓ పన్నెండేళ్ళ పిల్ల వారం రోజులు ఆ బ్యాగ్‌తో తంటాలుపడి, "నా చెయ్యే మంచిది కాదంకుల్, ఇంక రాను" అంది. చూస్తే బ్యాగ్ ముందుకీ వెనక్కీ ఊగడంలేదు, పక్కలకి గిరగిరా తిరుగుతోంది. నిచ్చెనేసి ఎక్కి పట్టుకుంటే స్వివెల్ బిగిసిపోయి ఉంది. బోర్డుకీ బ్యాగ్‌కీ మధ్య ఉండే ఇనుప కీలు అది. ఉప్పుగాలికి తుప్పు పట్టేసింది. కొత్తది వేశాక ఆ పిల్లే వరసగా పదిహేను గుద్దులు కొట్టింది!

అందుకే బ్యాగ్ పాడైందనగానే బ్యాగ్ మార్చకండి. స్వివెల్ విడిగా దొరుకుతుంది. నెలకోసారి తుడిచి చుక్క నూనె వెయ్యండి. కొక్కెం అరిగినా, సన్నగా పగిలినా వెల్డింగు గిల్డింగు పెట్టుకోవద్దు, పారెయ్యండి. అది ఊడితే బ్యాగ్ ఎగిరొచ్చేది ఎదురుగా ఉన్న పిల్లల మొహం మీదికే.

బ్యాగ్ మెత్తబడితే లోపలి బ్లాడర్ చూడాలి. సైకిల్ ట్యూబులాగే నీళ్ళ బకెట్‌లో ముంచితే బుడగలొస్తాయి. కొత్తది వేసేటప్పుడు లేసు విప్పి, బ్లాడర్ మడిచి లోపలికి తోసి, గాలి నోరు తోలుకున్న కన్నానికి ఎదురుగా పెట్టాలి. కాస్త గాలికొట్టి మడతలు విప్పుకున్నాక లేసు బిగించి, మిగతా గాలి కొట్టాలి. సూదికి గ్లిజరిన్ రాయకపోతే నోరు చిరుగుతుంది. బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగాలి. రాయిలా అయ్యేదాకా కొడితే కుట్లు విడతాయి. మా కుర్రాళ్ళకి ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు!

"డబ్ డబ్" అని బోలు చప్పుడొస్తే బ్యాగ్ జోలికి పోకండి, బోర్డు బోల్టులు బిగించండి. అదురుకి అవి వదులవుతూనే ఉంటాయి. ఎత్తు సంగతికొస్తే, బ్యాగ్‌లో బాగా లావుగా ఉండే భాగం నోటికి ఎదురుగా రావాలి. పొట్టి పిల్లలకి బోర్డు దించాలి, కుదరకపోతే కదలని చెక్కపెట్టె వెయ్యాలి.

చెమట పట్టిన తోలుని పొడిగుడ్డతో తుడిచి నీడలో ఉంచండి, ఎండలో పెడితే బిరుసెక్కి పగులుతుంది. కుట్టు ఊడితే చెప్పులు కుట్టే ఆయన చక్కగా వేసిస్తాడు. తోలే చిరిగితే మాత్రం కొత్తది కొనాల్సిందే. జలంధర్, మీరట్ సరుకులో చాలా సైజులున్నాయి. చిన్న బ్యాగ్ చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది గానీ వేగం ఎక్కువ, కొత్తవాళ్ళకి అందదు. మొదట పెద్దదే తీసుకోండి, పనిలో పని స్వివెల్ ఒకటి అదనంగా కొని ఉంచుకోండి.