ఒకే నేల, ఇద్దరు శిల్పులు: టామ్ డోక్, కూర్-క్రెన్‌షా గోల్ఫ్ కోర్సుల తారతమ్య పరిశీలన

వ్యాససంగ్రహం

సమకాలీన గోల్ఫ్ కోర్సు రూపశిల్పులలో టామ్ డోక్‌కూ, బిల్ కూర్-బెన్ క్రెన్‌షా జంటకూ అగ్రస్థానం ఉంది. వీరి కోర్సులకు పత్రికలు ఇచ్చే ర్యాంకులలో శిల్పి ప్రతిభ ఎంత, నేల సహజగుణం ఎంత అన్నది విడదీసి చూపడం లేదు. ఈ ఇద్దరు పక్షాలవారూ ఒకే నేల మీద పనిచేసిన సందర్భాలను తీసుకుని, తెలుగు సాహిత్య విమర్శలోని తులనాత్మక పద్ధతిని అన్వయించి, వారి తారతమ్యాన్ని నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రచురితమైన పటాలు, ఛాయాచిత్రాలు, రూపశిల్పుల రచనలు దీనికి ఆధారం. ఆడి చూసిన అనుభవం ఆధారం కాదు.

కీలకపదాలు: గోల్ఫ్ కోర్సు, రూపశిల్పం, వస్తువు, తారతమ్యం, టామ్ డోక్, బిల్ కూర్, బెన్ క్రెన్‌షా.

1. ప్రవేశిక

ఇద్దరు కవులలో ఎవరు గొప్ప అన్న ప్రశ్న తెలుగు విమర్శకు కొత్తది కాదు. ఆ ప్రశ్నకు దొరికిన సమాధానాలలో చాలా భాగం నిలవలేదు. పోల్చిన కావ్యాల వస్తువులు వేరు కావడమే అందుకు కారణం. భారతకథను చేపట్టిన కవికి ఆ కథే సగం బలం. స్థానిక క్షేత్రమాహాత్మ్యాన్ని చేపట్టిన కవి ఆ బలాన్ని తానే సమకూర్చుకోవాలి. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి మార్కులు వేస్తే కొలిచింది కవినా, కథనా అన్నది తేలదు.

ఈ చిక్కు లేని సందర్భం మనకు ఒకటుంది. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన హరివంశాన్ని తెలిగించాడు. దాదాపు అదే కాలంలో నాచన సోమన ఉత్తరహరివంశాన్ని రచించాడు. మూలం ఒక్కటే, ఘట్టాలు అవే. ఒకే సన్నివేశంలో ఎవరు ఎక్కడ ఆగారో, ఎవరు ఏది విడిచారో పద్యం పక్కన పద్యం పెట్టి చూడవచ్చు. విశ్వనాథ సత్యనారాయణ ‘ఒకడు నాచన సోమన’ అన్న గ్రంథం రాయడానికి పూనుకున్నారంటే, సోమన ప్రత్యేకతను వేరుచేసి చూపగల వీలు ఈ వస్తుసామ్యం వల్ల కూడా కలిగిందని అనుకోవచ్చు.

గోల్ఫ్ కోర్సుల రూపశిల్పంలోనూ ఇదే చిక్కు ఉంది. అదృష్టవశాత్తూ, దాన్ని దాటే అవకాశమూ ఉంది.

2. రూపశిల్పి చేసే పని

గోల్ఫ్‌తో పరిచయం లేని పాఠకుల కోసం నాలుగు మాటలు. కోర్సులో 18 హోల్స్ ఉంటాయి. ప్రతి హోల్‌కూ బంతిని మొదట కొట్టే చోటు టీ, నడుమ కత్తిరించిన పచ్చిక బాట ఫెయిర్‌వే, చివర నున్నటి గడ్డి ఉన్న చోటు గ్రీన్. ఆ గ్రీన్‌లో నాలుగుంపావు అంగుళాల వ్యాసంతో ఒక గుంట ఉంటుంది. దారిలో ఇసుక గుంటలు, అంటే బంకర్లు, అడ్డుపడతాయి. నిపుణుడైన ఆటగాడు ఒక హోల్‌ను ఎన్ని దెబ్బలలో ముగించాలో ఆ లెక్క పేరు పార్. అది మామూలుగా 3, 4 లేదా 5.

చాలా ఆటలకు మైదానంలో కీలకమైన కొలతలు నిర్ణీతం. క్రికెట్ పిచ్ సదుంలోనైనా సిడ్నీలోనైనా 22 గజాలే. గోల్ఫ్‌కు ఆ నియమం లేదు. నూరు, నూటయాభై ఎకరాల నేలను చూసి, ఏ గుట్ట మీద టీ ఉండాలి, ఏ పల్లంలో గ్రీన్ ఉండాలి, ఒక హోల్ ముగిసిన చోటినుంచి తరువాతిది ఎటు మళ్లాలి అన్నది శిల్పి నిర్ణయిస్తాడు. ఈ బాట కూర్పును రూటింగ్ అంటారు. ప్రబంధంలో కథాసంవిధానం ఎంతో, కోర్సులో రూటింగ్ అంత. వర్ణనలు ఎంత బాగున్నా సంవిధానం చెడితే కావ్యం నిలవదు. బంకర్లు ఎంత అందంగా ఉన్నా రూటింగ్ చెడితే కోర్సు నిలవదు.

3. ఒకే గురువు, ఇద్దరు శిష్యులు

డోక్, కూర్ ఇద్దరూ పీట్ డై దగ్గర పనిచేసినవారే. పీట్ డై యంత్రాలతో నేల రూపాన్నే మార్చేసిన శిల్పి. ఫ్లోరిడాలో 1980లో ప్రారంభమైన సాగ్రాస్ కోర్సులో 17వ హోల్ గ్రీన్ చుట్టూ నీళ్లే. చిత్తడి నేలలోంచి ఆ కోర్సు మొత్తాన్ని మనిషి చేత్తో నిర్మించాడు. శిష్యులిద్దరూ ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన మార్గానికి ఎదురు నడిచారు. నేలలో ఉన్నదాన్ని వెతికి పట్టుకోవాలి, వీలైనంత తక్కువగా తవ్వాలి అన్నది వీరి సిద్ధాంతం.

టామ్ డోక్ 1961లో పుట్టాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో భూదృశ్య రూపకల్పన చదివి, ఆపై బ్రిటన్, ఐర్లండ్ దేశాల కోర్సులను తిరిగి చూసి నేర్చుకున్నాడు. అతడు శిల్పి మాత్రమే కాడు, విమర్శకుడు కూడా. లోకంలోని కోర్సులకు సున్న నుంచి 10 వరకు అంకెలు వేస్తూ ‘కాన్ఫిడెన్షియల్ గైడ్’ రాశాడు. ఆ అంకెలను ఇప్పటికీ డోక్ స్కేల్ అనే పిలుస్తారు. తోటివారి పనికి బహిరంగంగా మార్కులు వేసినవాడు తానూ కొలతకు సిద్ధపడాలి కదా.

కూర్-క్రెన్‌షాలను మనం జంటకవులను లెక్కించినట్లే ఒక్కరుగా లెక్కించాలి. తిరుపతి వేంకట కవులలో ఏ పద్యం ఎవరిదో విడదీయలేనట్లు, ఈ కోర్సులలో ఏ మలుపు ఎవరిదో విడదీయడం కష్టం. బెన్ క్రెన్‌షా 1984, 1995 సంవత్సరాలలో మాస్టర్స్ పోటీ గెలిచిన ఆటగాడు. బిల్ కూర్ నేల మీద నడిచి నడిచి బాటను కనిపెట్టేవాడు. నెబ్రాస్కాలోని శాండ్ హిల్స్ కోర్సు కోసం ఆ ఇసుక గుట్టల్లో 130కి పైగా హోల్స్‌కు అనువైన చోట్లను గుర్తించి, వాటిలోంచి 18 ఎంచుకున్నారు. 1995లో అది ప్రారంభమైన తరువాత ఈ సంక్షిప్త శైలికి లోకంలో గౌరవం వచ్చింది.

4. గని దిబ్బల మీద

వస్తుసామ్యం సంపూర్ణంగా దొరికేది ఫ్లోరిడాలోని స్ట్రీమ్‌సాంగ్‌లో. అక్కడి నేల ప్రకృతి చేసింది కాదు. ఫాస్ఫేట్ కోసం తవ్వి పోసిన ఇసుక దిబ్బలు ఏళ్ల తరబడి అలాగే పడి ఉండి, గడ్డీ చెట్లూ మొలిచి, తవ్విన గుంటల్లో నీళ్లు నిలిచి సముద్రతీరపు గుట్టల్లా తయారయ్యాయి. కుప్పం వైపు పాఠకులకు కోలారు బంగారు గనుల వ్యర్థపు దిబ్బలు గుర్తుకు రావచ్చు. అయితే అక్కడున్నది సయనైడ్ కలిసిన మట్టి. ఇక్కడున్నది శుభ్రమైన ఇసుక.

ఈ ఒక్క స్థలంలో రెండు కోర్సులు ఒకేసారి కట్టారు. కూర్-క్రెన్‌షా ‘రెడ్’, డోక్ ‘బ్లూ’ రెండూ 2012 చివర ప్రారంభమయ్యాయి. రెండింటి బాటలూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. 36 హోల్స్‌నూ పటం మీద రెండు రంగుల కలాలతో గీయడం వల్లనే ఆ పేర్లు వచ్చాయని చెబుతారు. యజమాని, కాలం, ఇసుక, గాలి, అన్నీ సమానమే. ఎఱ్ఱన, సోమనల మధ్య కూడా ఇంతటి సామ్యం లేదు.

అందువల్ల ఇక్కడ కనిపించే తేడా శిల్పులదే. డోక్ ‘బ్లూ’లో ఫెయిర్‌వేలు విశాలం. మొదటి దెబ్బకు స్వేచ్ఛ ఉంటుంది. పరీక్ష అంతా గ్రీన్ దగ్గర. అక్కడి ఎత్తుపల్లాలు తీవ్రం. ఫెయిర్‌వేలో తప్పు వైపున నిలిచిన బంతిని గుంట దగ్గరకు చేర్చడం దుస్సాధ్యం. చమత్కారాన్ని పద్యపు చివరి పాదం దాకా దాచిపెట్టే కవి పద్ధతి ఇది. ‘రెడ్’లో భారం మొదటి దెబ్బ నుంచే మొదలవుతుంది. బంకర్‌నో నీటినో ఎంత మేర దాటి కొట్టగలనన్న లెక్క టీ దగ్గరే వేసుకోవాలి. గ్రీన్లు మొత్తం మీద నెమ్మదైనవి. అయితే ఈ జంటకు సాహసం లేదనడం పొరపాటు. 16వ హోల్‌లో నీటి మీదుగా కొట్టాల్సిన పొడవాటి గ్రీన్‌కు నడుమ అడ్డంగా లోతైన పల్లం ఉంది. బియారిట్జ్ అనే పాత ఫ్రెంచి కోర్సు పేరుతో ప్రసిద్ధమైన నమూనా అది.

రెండు కోర్సుల్లో ‘బ్లూ’ 7వ హోల్ ఛాయాచిత్రమే ఎక్కువగా ప్రచారంలో ఉంది. నీటి మీదుగా, గుట్టల ఒడిలోని గ్రీన్‌కు కొట్టే చిన్న హోల్ అది. ఒక్క హోల్‌ను తీసుకుంటే డోక్‌దే పైచేయి. కాని 18 హోల్స్ వరుసగా చూస్తే ‘రెడ్’లో పరీక్ష రకరకాలుగా మారుతూ పోతుంది. ‘బ్లూ’లో ప్రశ్న ఒక్కటే పదేపదే వస్తుంది. నా అంచనాలో ఇక్కడ కూర్-క్రెన్‌షా స్వల్పంగా ముందున్నారు.

5. సముద్రం ఉన్న కవి, సముద్రం లేని కవి

ఆరెగాన్ తీరంలోని బాండన్‌లో పరిస్థితి భిన్నం. అక్కడ యజమాని ఒక్కరే గాని శిల్పులకు దక్కిన నేల సమానం కాదు. 2001లో ప్రారంభమైన పసిఫిక్ డ్యూన్స్ కోసం డోక్‌కు సముద్రపుటంచున కొండచరియలు దొరికాయి. 2005 నాటి బాండన్ ట్రెయిల్స్ కోసం కూర్-క్రెన్‌షాలకు తీరం దక్కలేదు. గుట్టల్లో మొదలై, అడవిలోకి పోయి, తిరిగి గుట్టల్లోకి వచ్చే లోతట్టు నేల అది.

పసిఫిక్ డ్యూన్స్ గొప్పదనంలో సముద్రం వాటా ఎంత? చాలానే ఉంది. కాని డోక్ సముద్రానికి లొంగిపోలేదని చూపే ఆధారం ఒకటుంది. వెనుక తొమ్మిది హోల్స్‌లో పార్ 3లు నాలుగు, పార్ 5లు మూడు, పార్ 4లు రెండే. 10, 11 హోల్స్ వరుసగా రెండూ పార్ 3లే. ఏ పాఠ్యపుస్తకమూ దీన్ని ఒప్పుకోదు. నేల అలా పలికింది కాబట్టి సంప్రదాయాన్ని పక్కన పెట్టాడు. గణాలు కుదరనప్పుడు భావాన్ని నరికే కవి కాడతడు. ఛందస్సునే మార్చుకుంటాడు.

అయినా శిల్పి కష్టం ఎక్కువగా తెలిసేది ట్రెయిల్స్‌లోనే. గుట్టలు, పచ్చికబయలు, అడవి, ఈ మూడు వేర్వేరు భూములను ఎక్కడ అతుకు పడిందో తెలియకుండా ఒక్క నడకగా కలపడం చిన్న విషయం కాదు. 14వ హోల్ మీద మాత్రం ఎడతెగని వివాదం ఉంది. ఎత్తునుంచి కిందికి కొట్టే పొట్టి పార్ 4, ఇరుకైన గ్రీన్. అది అన్యాయమని కొందరు, అదే రుచి అని కొందరు.

అక్కడే షీప్ ర్యాంచ్ అనే మరో స్థలం ఉంది. దాని చరిత్ర మన వాదానికి మరింత ఉపకరిస్తుంది. ముందుగా డోక్, జిమ్ అర్బీనాతో కలిసి అక్కడ 13 గ్రీన్లు మాత్రం నిర్మించాడు. నిర్ణీతమైన వరుస లేదు. ఆడేవారు తమకు తోచిన చోటినుంచి తోచిన గ్రీన్‌కు కొట్టుకోవచ్చు. తరువాత అదే నేల మీద కూర్-క్రెన్‌షా పూర్తి 18 హోల్స్ కోర్సు కట్టి 2020లో ప్రారంభించారు. ఆ గాలికి ఇసుక నిలవదని గ్రహించి, ఇసుక బంకర్ ఒక్కటీ లేకుండా కట్టారు. డోక్‌ది ముక్తకాలు వదిలిపెట్టిన చాటుకవి స్వేచ్ఛ. వీరిది అదే సామగ్రితో ప్రబంధం అల్లిన నేర్పు.

6. టాస్మేనియా

ఆస్ట్రేలియా దక్షిణాన బార్న్‌బూగల్‌లో డోక్, మైక్ క్లేటన్ కలిసి 2004లో ‘డ్యూన్స్’ను, కూర్-క్రెన్‌షా 2010లో ‘లాస్ట్ ఫార్మ్’ను నిర్మించారు. రెండోదానిలో హోల్స్ 20. బాగున్న చోట్లు రెండు మిగిలిపోతే వదలలేకపోయారు. కూర్ వంటి సంయమి చేసిన ఈ పని నాకు ఆశ్చర్యంగా తోస్తుంది. ‘డ్యూన్స్’ బిగువు దీనికి లేదు. ఇక్కడ డోక్‌దే స్పష్టమైన ఆధిక్యం.

7. తారతమ్య నిర్ణయం

పైన పేర్కొన్న కోర్సులను మాత్రమే వరుసలో నిలిపితే శాండ్ హిల్స్ మొదటిది, పసిఫిక్ డ్యూన్స్ రెండోది, బార్న్‌బూగల్ డ్యూన్స్ మూడోది. ఆ తరువాత బాండన్ ట్రెయిల్స్, స్ట్రీమ్‌సాంగ్ రెడ్, బ్లూ, చివర లాస్ట్ ఫార్మ్. షీప్ ర్యాంచ్‌ను ఈ వరుసలో చేర్చలేదు. అక్కడ పోల్చదగిన రెండు పూర్తి కోర్సులు లేవు.

నేల ఇచ్చినదాన్ని తీసివేసి శిల్పి చేర్చినదాన్నే లెక్కిస్తే ఈ వరుస తారుమారవుతుంది. ట్రెయిల్స్ ముందుకు వస్తుంది, పసిఫిక్ డ్యూన్స్ ఒక మెట్టు దిగుతుంది. గ్రీన్ల కల్పనలో, నియమోల్లంఘనలో డోక్‌కు సాటి లేదు. సంవిధానంలో, మామూలు నేలతో పని చేయించుకోవడంలో కూర్-క్రెన్‌షాలది అరమెట్టు పైచేయి. పాతదాన్ని బాగుచేయడంలోనూ వారి చేయి గట్టిదే. నార్త్ కరొలినాలోని పైన్‌హర్స్ట్ 2వ నంబరు కోర్సును వారు 2011లో పునరుద్ధరించినప్పుడు సుమారు 35 ఎకరాల పచ్చిక తొలగించి, దాని చోట ఇసుకనూ స్థానిక గడ్డినీ తిరిగి రానిచ్చారు. నీళ్లు చల్లే గొట్టపు తలలు 1,150 నుంచి 450కి తగ్గాయి. 2014లో పురుషుల, మహిళల యు.ఎస్. ఓపెన్ పోటీలు రెండూ వరుస వారాల్లో ఆ గోధుమరంగు నేల మీదనే జరిగాయి.

8. ఇసుక లేని చోట

ఈ సిద్ధాంతానికి ఒక హద్దు ఉంది. పై కోర్సులన్నీ ఇసుక నేలలు. ఇసుకలో నీరు ఇంకుతుంది, చేత్తో తోసినా రూపం మారుతుంది. మదనపల్లె నుంచి సదుం, పుంగనూరు మీదుగా పోయే దారిలో కనబడేది దానికి పూర్తిగా వ్యతిరేకం. నల్లటి గుండ్రాళ్ల గుట్టలు, వాటి కింద పలచటి ఎర్రమట్టి, నీటి కోసం వేయి అడుగుల బోర్లు. హైదరాబాదు గుట్టలూ ఇదే ధార్వార్ శిలాఖండానికి చెందినవి, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. అక్కడ గచ్చిబౌలి వైపున ఉన్న బౌల్డర్ హిల్స్ కోర్సుకు పీటర్ హారడిన్ రూపశిల్పి. బండలను అలాగే నిలబెట్టి, వాటి నడుమనుంచి పచ్చిక బాటలు తీసిన కోర్సు అది. రాయిని వదిలేయడం వరకు డోక్, కూర్‌ల సూత్రం అక్కడా వర్తిస్తుంది. కాని ఆ పచ్చదనానికి కావలసిన మట్టినీ నీటినీ రాయి ఇవ్వదు. బయటి నుంచి తేవాల్సిందే. ‘ఉన్నదానితో సరిపెట్టుకోవడం’ అన్న మాటకు అర్థం అక్కడ మారిపోతుంది.

ఆ మాటను అక్షరాలా పాటించిన కోర్సులు మన దేశంలో ఒకప్పుడు చాలా ఉండేవి. నీటి ఎద్దడి ఉన్న కంటోన్మెంట్లలో, గని ఊళ్లలో గ్రీన్‌కు గడ్డి వేసేవారు కారు. ఇసుకలో నూనె కలిపి, చదును చేసి, గుంట తీసి ఆడేవారు. వాటిని గ్రీన్లు అనలేక బ్రౌన్లు అన్నారు. ఒక్కొక్క ఆట ముగిశాక అడుగుల గుర్తులు పోయేలా ఇసుకను లాగి సరిచేసేవారు. వాటికి రూపశిల్పి ఎవరో ఏ పుస్తకంలోనూ లేదు. డోక్ స్కేల్ మీద వాటికి ఎన్ని మార్కులు పడతాయో గాని, పైన్‌హర్స్ట్‌లో 2011లో తీసివేసిన పచ్చికను ఈ బ్రౌన్లు మొదటినుంచీ అడగనేలేదు.