చదరంగం గళ్ళలో జీడిపిక్కలు

మందస, వజ్రపుకొత్తూరు తోటల నుంచి పలాసకు చేరే జీడిపిక్కల బస్తా 80 కిలోలు. కిలోకు 200 పిక్కలు తూగుతాయనుకుంటే బస్తాకు 16 వేలు. ఇప్పుడు చదరంగం బల్ల ముందు పెట్టుకుని మొదటి గడిలో ఒక పిక్క, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోవాలి. 14 గళ్ళు నిండేసరికి 16,383 పిక్కలు. అంటే ఒక బస్తా, పైన రెండు కిలోలు. ఇంతేనా అనిపిస్తుంది. కాని 64 గళ్ళూ నిండాలంటే పదకొండున్నర కోట్ల కోట్ల బస్తాలు కావాలి! ఏటా 50 లక్షల టన్నులు పండినా అది కోటీ 84 లక్షల సంవత్సరాల పంట.

ఒక్కొక్కరు ఇద్దరిని చేర్పిస్తే చాలు, డబ్బే డబ్బు అంటూ గొలుసుకట్టు స్కీముల వాళ్ళు ఊళ్ళలోకి వస్తుంటారు. వారిదీ ఈ లెక్కే. 32వ మెట్టులో 214 కోట్ల మంది చేరాలి. దేశంలోనే అంతమంది లేరు.

మొత్తం పిక్కలు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు గల ఈ సంఖ్య ఏనాడో తెలుగు పద్యంలోకి ఎక్కింది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని సుమారు తొమ్మిది వందల ఏళ్ల క్రితం తెలుగు చేసిన పావులూరి మల్లనదిగా చెప్పే చంపకమాల అది. అందులో అంకెలు ఉండవు, మాటలే. బాణమంటే 5, చంద్రుడంటే 1, వేదమంటే 4, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి.

తాటాకుల మీద చేతులు మారుతూ వచ్చిన లెక్కలో తప్పు దొర్లలేదని నమ్మకమేమిటి? టెక్కలిలోనో కవిటిలోనో బడికి వెళ్ళే పిల్లవాడు కూడా సరిచూడవచ్చు. బల్ల మీద మొదటి వరుస ఎనిమిది గళ్ళలో 255 పిక్కలు. ఇది 3, 5, 17ల లబ్ధం. రెండో వరుస దీనికి 256 రెట్లు, మూడోది దానికి మళ్ళీ 256 రెట్లు. ప్రతి వరుసా ఈ మూడింటితో తెగుతుంది కనుక మొత్తం కూడా తెగాలి. చివరి అంకె 5 కాబట్టి అయిదుతో పేచీ లేదు. అంకెలన్నీ కూడితే 87, మూడుతో తెగుతుంది. ఇక పదిహేడుతో పలక మీద భాగహారం చేయాలి. అసలు గట్టి కాపలాదారు ఇదే. ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా శేషం మిగిలి పట్టిస్తుంది. పద్యంలోని సంఖ్యకు శేషం సున్న.

మొదటి 32 గళ్ళలోనివి 429,49,67,295. దీన్ని దీనికంటే రెండు ఎక్కువైన సంఖ్యతో గుణిస్తే మొత్తం లెక్క వస్తుంది. ఆ రెండో సంఖ్యను ఏదీ భాగించదని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. 641 భాగిస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు. కనుక ఈ పిక్కల్ని 641 మంది పంచుకున్నా ఒక్కటీ మిగలదు. ఇద్దరు పంచుకుంటే మాత్రం ఒకటి మిగులుతుంది. అది మొదటి గడిలో పెట్టిన పిక్క.