ఒకే ఊరు, నాలుగు మందిరాలు: కలిసి చేయగల పని ఏది?



డోర్నకల్ జంక్షన్‌లో రైలు దిగినవారికి తెలుసు. కాజీపేట నుంచి వచ్చే పట్టాలు, విజయవాడ వైపు వెళ్లే పట్టాలు, భద్రాచలం రోడ్డుకు చీలే పట్టాలు అక్కడ కలుస్తాయి. ఊరు చిన్నదే. కానీ దక్షిణ భారత సంఘాల ఐక్యత గురించి మాట్లాడేవారు ఎవరైనా ఈ ఊరి పేరు తలవకుండా ఉండలేరు. అలాంటి ప్రాంతంలో ఉన్న మనం ఈ వారం ఒక సంగతి ఆలోచిద్దాం. ఒకే ఊళ్లో నాలుగు సంఘాలు ఉన్నప్పుడు, ఎవరి ఆరాధన వారు చేసుకుంటూనే, ఊరి మేలు కోసం కలిసి పనిచేయడం ఎలా?

"మేము కలిసే ఉన్నాం కదా" అని కొందరు అంటారు. నిజమే. డిసెంబరులో యునైటెడ్ క్రిస్మస్ చేస్తాం. మార్చి మొదటి శుక్రవారం ప్రపంచ ప్రార్థనా దినాన స్త్రీల సమాజాలు ఒకచోట కూడుతాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అందరి చేతుల్లోనూ ఉన్నాయి. పురుషోత్తమ చౌదరి గారి పాట పాడేటప్పుడు ఇది బాప్టిస్టు పాటా, లూథరన్ పాటా అని ఎవరూ అడగరు. అయితే స్టేజీ విప్పి, షామియానా మడిచి, కుర్చీలు లెక్కపెట్టి పంపిన మరునాటి నుంచి ఏం జరుగుతోంది? మళ్లీ డిసెంబరు వచ్చేదాకా ఒక పాస్టరు గారి గడప ఇంకో పాస్టరు గారు తొక్కరు. ఆ సభ కోసం జరిగిన కమిటీ మీటింగుల్లో సగం సమయం ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో ముందు ఉండాలన్న దానికే పోతుంది. కలిసి పాడటం మనకు వచ్చింది. కలిసి పనిచేయడం ఇంకా రాలేదు.

ఈ గీతలు ఎవరు గీశారు?

మన డినామినేషన్లు బైబిలు చదివి, వాదించుకుని, మన పెద్దలు ఎంచుకున్నవి కావు. తెలుగు ప్రాంతాల్లో పనిచేసిన మిషన్లు ఒకరి పొలంలో ఒకరు విత్తకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. నెల్లూరు, ఒంగోలు, హనుమకొండ ప్రాంతాల్లో అమెరికన్ బాప్టిస్టులు, గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లో లూథరన్లు, కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులు, మచిలీపట్నం, ఖమ్మం వైపు చర్చి మిషనరీ సొసైటీ, మెదక్, కరీంనగర్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. మన తాత ఏ ఊళ్లో పుట్టాడో దాన్నిబట్టి మన డినామినేషన్ తేలింది. డబ్బు, మనుషులు వృథా కాకుండా ఉండాలని చేసిన మంచి ఏర్పాటే అది. కానీ చదువు కోసం, ఉద్యోగాల కోసం జనం ఊళ్లు మారారు. రైల్వేలో పని దొరికినవాడు, సింగరేణి గనికి వెళ్లినవాడు తన సంఘాన్ని తనతో తీసుకెళ్లాడు. ఒక ఊరికి ఒక సంఘం అన్నది పోయి ఒక వీధికి రెండు సంఘాలు అయ్యాయి. ఆ తరువాత పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర సంఘాలు వచ్చాయి.

ఇందులో మనం బయటికి చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. చాలా ఊళ్లలో డినామినేషన్ గీత, కులం గీత ఒకటే. ఒక పేటవారు ఒక మిషనులో, ఇంకో పేటవారు ఇంకో మిషనులో చేరారు. ఇప్పుడు "సిద్ధాంత భేదం" అని మనం పెద్ద మాటగా చెప్పేదాని వెనుక ఒక్కోసారి ఉన్నది పేటల మధ్య పాత దూరమే. 1930లలో డాక్టర్ అంబేడ్కర్ గారిని బిషప్ అజరయ్య గారు కలిసినప్పుడు, మా వాళ్లు క్రైస్తవులైతే అంతా ఒకే సంఘంగా ఉంటారా, కులం లేకుండా ఉంటారా అని అంబేడ్కర్ గారు అడిగారనీ, దానికి జవాబు చెప్పలేక అజరయ్య గారు సిగ్గుపడ్డారనీ చెబుతారు. ఆ ప్రశ్నకు మనం ఇప్పటికీ పూర్తి జవాబు చెప్పలేదు.

డోర్నకల్ నేర్పిన పాఠం

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తమిళుడు. 1903లో పుట్టిన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. మన దేశ సంఘాల కానుకలతో, మన దేశ సేవకులతో నడవాలని పెట్టిన సంస్థ అది. ఆ సంస్థ తరఫున 1909లో ఆయనే డోర్నకల్ ప్రాంతానికి వచ్చి, తెలుగు నేర్చుకుని సువార్త చెప్పారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథెడ్రల్‌ను చూడండి. గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటం పోలిక, క్రైస్తవ సంకేతాలు అన్నీ ఒకే కట్టడంలో కనిపిస్తాయి. ఈ నేల మీది సంఘం ఈ నేల పోలికతో ఉండాలని ఆయన కోరిక.

1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సేవకులు కూడుకున్నారు. ఇద్దరు తప్ప అంతా భారతీయులే. వారిని పిలిచినవారిలో అజరయ్య గారు ముఖ్యులు. మనం కోరుకోని చీలికలు మన మీద రుద్దబడ్డాయనీ, ఇంత పెద్ద దేశానికి సువార్త చెప్పాల్సిన మనల్ని అవి బలహీనులను చేస్తున్నాయనీ వారు ఒప్పుకుని ఐక్యతకు పిలుపునిచ్చారు. 1927లో లొసాన్ మహాసభలో అజరయ్య గారు ఇంకా గట్టిగా చెప్పారు. చీలికలు క్రైస్తవ దేశాల్లో బలహీనత మాత్రమే కావచ్చు గానీ, మన వంటి దేశాల్లో అవి పాపమూ అపకీర్తీ అన్నది ఆయన మాటల సారం.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అప్పటికి అజరయ్య గారు లేరు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. ఆంగ్లికన్ బాటలో పెరిగిన డోర్నకల్, వెస్లియన్ బాటలో పెరిగిన మెదక్ ఈరోజు ఒకే సంఘంలోని రెండు డయాసిస్‌లు. అయితే అందరూ కలవలేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఆనాడు బయటే ఉండిపోయి, దశాబ్దాల తరువాత చేరారు. బాప్టిస్టులు, లూథరన్లు తమ తమ సంఘాలుగానే కొనసాగారు.

కలిసిపోవడం వేరు, కలిసి పనిచేయడం వేరు

ఇక్కడ చాలామంది విశ్వాసులు తికమకపడతారు. పక్క సంఘంతో కలిసి పనిచేద్దాం అనగానే "మన బాప్తిస్మం మార్చుకోవాలా? మన ఆస్తి వాళ్లకు పోతుందా?" అని భయపడతారు. అవసరం లేదు. సంఘాలు ఒకటిగా విలీనం కావడం ఒక మార్గం. దానికి ఏళ్లు పడుతుంది, విశ్వాస ప్రమాణాలు, పరిచర్య హోదాలు, ఆస్తులు అన్నీ తేలాలి. ఎవరి సంఘం వారిదిగా ఉంటూ ఒక పనిని పంచుకోవడం రెండో మార్గం.

ఈ రెండో మార్గానికి మన మధ్యే సాక్ష్యాలున్నాయి. క్షయ అంటే చావే అని జనం వణికిన రోజుల్లో, ఏ ఒక్క మిషనూ మోయలేని భారాన్ని పలు మిషన్లు కలిసి ఎత్తుకోగా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి రోగులను చేర్చుకుంది. 1964లో రామాయపట్నం బాప్టిస్టు సెమినరీ, కాకినాడ బాప్టిస్టు సెమినరీ, రాజమండ్రి లూథర్‌గిరి, మన డోర్నకల్ వేదాంత పాఠశాల చేతులు కలపగా ఆంధ్రా క్రైస్తవ వేదాంత కళాశాల రాజమండ్రిలో మొదలైంది. 1973లో హైదరాబాదుకు మారింది. బాప్టిస్టు బాప్టిస్టుగానే, లూథరన్ లూథరన్‌గానే, సి.ఎస్.ఐ. సి.ఎస్.ఐ.గానే ఉండి ఒకే తరగతి గదిలో చదువుకున్నారు. కాపరులకు పాఠం చెప్పడానికి సంఘాలు కలవగలిగితే, ఊరివాళ్లకు మంచినీళ్లు ఇవ్వడానికి కలవలేవా?

నేను చేసిన తప్పు

ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. సెమినరీ నుంచి బయటికొచ్చిన కొత్తలో ఒక పల్లె సంఘంలో ఉన్నాను. ఒక వానాకాలం రాత్రి పక్క సంఘపు ముసలమ్మ చనిపోయింది. వాళ్లకు సమాధుల స్థలం లేదు. వాళ్ల పాస్టరు గారు దూరాన ఉన్నారు. ఆమె కొడుకు వచ్చి, "అయ్యగారూ, మీ తోటలో కాస్త జాగా ఇయ్యండి" అని అడిగాడు. మా సంఘపెద్దలు రూలు కాదన్నారు. నేను వాళ్లను ఒక్క మాట అడగలేదు. రూలు పుస్తకం నాకు బాగా తెలుసు కదా! ఆ తల్లిని చెరువు కట్ట పక్కన, నీళ్లు ఊరే నేలలో పెట్టారు. మరుసటి ఏడు మా సంఘపెద్ద చనిపోయినప్పుడు గుంత తవ్వడానికి పార పట్టుకుని మొదట వచ్చింది ఆ కొడుకే. ఆ రోజు ప్రార్థన చేయడానికి నాకు నోరు రాలేదు. యోహాను సువార్త 17వ అధ్యాయం మీద అప్పటికే నేను ఎన్నో ప్రసంగాలు చేసి ఉన్నాను.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట ఒక్క పని తీసుకోండి. పది కాదు. ఏ ఒక్క సంఘమూ ఒంటరిగా చేయలేనిది, అందరికీ అవసరమైనది ఎంచుకోండి. సమాధుల స్థలం అలాంటిదే. నాలుగు సంఘాలు నాలుగు దరఖాస్తులు పెట్టేకన్నా, అందరూ సంతకాలు పెట్టిన ఒకే దరఖాస్తుతో ఎమ్మార్వో ఆఫీసుకు వెళితే దానికి బరువుంటుంది. ఉన్న స్థలానికి ప్రహరీ, దారి, బోరు కలిసి వేయించుకోవచ్చు. ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం వారానికి ఒక సంఘం చొప్పున నడపవచ్చు. పదో తరగతి పిల్లలకు ఒక మందిరంలో సాయంత్రం ట్యూషన్ పెడితే, నాలుగు సంఘాల్లోని టీచర్లు లెక్కలు ఒకరు, ఇంగ్లీషు ఒకరు పంచుకోవచ్చు.

విపత్తు వచ్చాక కమిటీ వేయడం ఆలస్యం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు ఆకేరు, మున్నేరు పొంగిన సంగతి మనం మరువలేం. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మరిపెడ మండలం సీతారాం తండా నీళ్లలో చిక్కుకుంది. ఖమ్మంలో మున్నేరు ఒడ్డున కాలనీలు మునిగాయి. ఇలాంటప్పుడు ఎవరికి వారు బయలుదేరితే ఏమవుతుంది? మెయిన్ రోడ్డు మీది వాడకు నాలుగు సంఘాల పులిహోర పొట్లాలు చేరతాయి, లోపలి తండాకు ఒక్కటీ చేరదు. ఏ సంఘానికి ట్రాక్టరు ఉంది, ఎవరి మందిరం మెరక మీద ఉంది, నర్సులు ఎవరెవరు, ఏ వాడ ఎవరు చూసుకోవాలి అన్న ఒక కాగితం ముందే రాసి నాలుగు మందిరాల్లో అంటించి ఉంచితే చాలు. దానికి పైసా ఖర్చు లేదు.

రెండోది, లెక్క. కలిసి చేసే పనులు సిద్ధాంతం దగ్గరకన్నా డబ్బు దగ్గరే ఎక్కువగా చెడతాయి. బ్యాంకు ఖాతా మీద వేర్వేరు సంఘాలవారి రెండు సంతకాలు ఉండాలి. జమ, ఖర్చు ఒకే ఆదివారం అన్ని మందిరాల్లో చదవాలి. చిన్న సంఘం ఇచ్చిన 500 రూపాయలకూ పెద్ద సంఘం ఇచ్చిన 20,000 రూపాయలకూ కమిటీలో ఒకే ఓటు ఉండాలి. అధ్యక్షత ఏడాదికొకరికి మారాలి. ఫ్లెక్సీ మీద ఫోటోలే వద్దు, పని పేరు రాస్తే చాలు.

మూడోది, మాట. కలిసి పనిచేసే చోట ఒకరి విశ్వాసులను ఒకరు లాక్కోకూడదు. పాస్టర్ల సహవాసాల్లో అనుమానానికి మూలం చాలావరకు ఇదే. పక్క సంఘం కుటుంబం మన దగ్గరికి వస్తే, ముందు వాళ్ల కాపరికి ఒక ఫోన్ చేయడం మర్యాద.

నాలుగోది, తలుపు. మనం పంచే నీళ్లు, చెప్పే చదువు క్రైస్తవులకే అనకూడదు. దప్పికగొన్నవాడిని డినామినేషన్ అడగనట్టే మతమూ అడగం. కమిటీలో రెండు పేటలవారూ, స్త్రీలూ, యువకులూ ఉండాలి. ఒకే పేటవాళ్లు నాలుగు సంఘాల పేర్లతో కూర్చుంటే అది ఐక్యత కాదు.

బోధ విషయంలో మన భేదాలు చిన్నవని నేను అనను. బాప్తిస్మం గురించి, ప్రభు భోజనం గురించి, ఆత్మవరాల గురించి మనం వేర్వేరుగా నమ్ముతున్నాం. వాటిని దాచుకోనక్కరలేదు. కలిసి ఒక గోడ కట్టినవాళ్లు ఆ భేదాల గురించి మాట్లాడుకునే తీరు మాత్రం వేరుగా ఉంటుంది. ఒకరి చెమట ఒకరు చూశారు కాబట్టి మాటలో కోపం తగ్గుతుంది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్దలతో ఒక్క ప్రశ్న వేయండి: మన వీధిలోని పక్క మందిరపు కాపరి పేరు మనకు తెలుసా? తెలియకపోతే సోమవారం ఉదయం వెళ్లి తలుపు తట్టండి. ఎజెండా ఏమీ వద్దు. టీ తాగి, కలిసి ప్రార్థన చేసి రండి. అక్కడి నుంచి ప్రభువు దారి చూపును గాక. ఆమేన్.