పన్ను తీయించుకొనుటకు భయమెందుకు?

"పైపన్ను తీయిస్తే చూపు పోతుంది" అన్న మాట విని, పుచ్చిన పంటితో ఏళ్ళ తరబడి బాధపడే పెద్దలు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. ఈ భయం నిరాధారం. కంటికి చూపునిచ్చే నాడి వేరు, పైపళ్ళకు స్పర్శనిచ్చే నాడి వేరు. నిజానికి చీముపట్టిన పంటిని అలాగే ఉంచుకోవడమే ప్రమాదం.

చిగుళ్ళలోకి ఇచ్చే మత్తు సూదిమందు నొప్పిని అణచివేస్తుంది. ఒత్తిడి, కదలిక మాత్రం తెలుస్తూనే ఉంటాయి. ఈ సంగతి ముందే ఎరిగినవారు కంగారుపడరు. నొప్పి తోస్తే చేయి ఎత్తుతానని వైద్యునితో ముందుగా చెప్పుకోవాలి; అవసరమైతే మరికొంత మందు ఇస్తారు. ఎదురుచూసే వేళ 4 అంకెలు లెక్కించేవరకు శ్వాస పీల్చి, 6 అంకెల వరకు మెల్లగా విడవాలి. రక్తపోటు, మధుమేహం, రక్తాన్ని పలుచబరచే మందుల సంగతి దాచరాదు. ఆ మందులను స్వయంగా మానరాదు.

లవంగతైలం తాత్కాలిక ఉపశమనమే గాని చికిత్స కాదు. పన్ను తీసిన గుంటలో దానిని వేయరాదు. 24 గంటలపాటు పుక్కిలించుట, ఉమ్మివేయుట, ధూమపానం కూడవు. గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయానికి కవచం. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటితో మృదువుగా పుక్కిలించాలి. మూడవ నాటికి నొప్పి తగ్గక హెచ్చితే జాగు చేయక వైద్యుని తిరిగి సంప్రదించాలి.