డిగ్రీ యొకటే, దారులు వేరు: కళాశాల కాలపట్టికను చదువు విధము

గడచిన వేసవి సెలవులలో ఎమ్మిగనూరునుండి యొక నేతపనివాడు మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, మావాడు డిగ్రీ చదువుతానంటున్నాడు. మగ్గం విడిస్తే ఇల్లు గడవదు. ఇంటి దగ్గర ఉండి చదివినా డిగ్రీ ఒకటేనంట గదా, నిజమేనా?” అని యడిగెను. నిజమేనని మేము చెప్పవచ్చును. కాని ఆ యొక్కమాటతో ఆయనను పంపివేసినచో ఆయనకు మేలు చేసినవారము కాము. డిగ్రీ పేరొకటే యైనను, అది కోరు గంటలును స్థలమును దారినిబట్టి మారును. ఈ భేదము తెలియక చేరి, నడుమ మానిన పిల్లలు మన ప్రాంతమున కొందరు గలరు. కావున మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఈ విషయమును విశదపరుపగోరుచున్నాము.

ముందుగా కొలత యెట్టిదో తెలిసికొందము. బట్టను మూరలతోను పత్తిని క్వింటాళ్లతోను కొలిచినట్లు, నేటి విశ్వవిద్యాలయములు చదువును ‘క్రెడిట్’ అను మానముతో కొలుచుచున్నవి. సెమిస్టరు పొడవున వారమునకు ఒక గంట పాఠము విన్నచో ఒక క్రెడిట్. ప్రయోగశాలలో నైనచో వారమునకు రెండుగంటల పనికి ఒక క్రెడిట్. సెమిస్టరు 15 వారములని యెంచిన, 4 క్రెడిట్ల పాఠ్యవిషయమునకు తరగతిలో 60 గంటలు కావలయును. దూరవిద్యలో నైతే ఒక క్రెడిట్‌కు 30 గంటల చదువని లెక్క. అనగా 4 క్రెడిట్లకు 120 గంటలు. ఇందులో తానే పుస్తకము చదువుకొనుటయు, అభ్యాసములు వ్రాయుటయు కలిసియున్నవి.

ఇక కాలపట్టిక. దానిని వ్రాయువారు మూడింటిని ఒక్కచోట కూర్పవలయును: ఉపాధ్యాయుడు, గది, విద్యార్థులు. వీటిలో ఏదియు ఒకే గంటలో రెండుచోట్ల నుండజాలదు. ఒక కళాశాలలో రసాయనశాస్త్రము చదువువారు 60 మంది యనియు, ప్రయోగశాలలో 30 మందికే చోటు గలదనియు అనుకొనుడు. అప్పుడు వారిని రెండు జట్లుగా విభజింపవలయును. ఒక్కొక్క విద్యార్థికి వారమునకు రెండు గంటలే యైనను, ప్రయోగశాలకును ఉపాధ్యాయునకును నాలుగు గంటలు పట్టును. ఆ గంటలలో ఆ ఉపాధ్యాయుడు వేరొక తరగతికి పోలేడు. అందువలననే ‘మా పిల్లవానికి ఉదయము మాత్రము పెట్టుడు’ అని కోరినను కళాశాలవారు సాధారణముగా అంగీకరింపలేరు. మగ్గముమీద ఒక పడుగుపోగు కదలించిన ప్రక్కపోగులన్నియు కదలునట్లే యిదియును.

బోధించు దారులను స్థూలముగా నాలుగు విధములుగా విభజింపవచ్చును. మొదటిది, గంటయు స్థలమును రెండును నిర్ణయింపబడినది. ఇది మనకు తెలిసిన కళాశాల చదువు. రెండవది, గంట నిర్ణయింపబడి స్థలము విద్యార్థి యిష్టమునకు విడువబడినది. ఉపాధ్యాయుడు చెప్పుచుండగనే ఇంటనుండి తెరపై చూచి వినెడి ఆన్‌లైన్ తరగతి యిట్టిది. మూడవది, గంటయు స్థలమును రెండును విద్యార్థి యిష్టమునకు విడువబడినది. అచ్చుపాఠముల దూరవిద్యయు, ముందుగా చిత్రించి యుంచిన ఆన్‌లైన్ పాఠములును ఈ తెగలోనివి. ఇందులోను అభ్యాసములు పంపుటకు గడువులును, పరీక్షకు తేదీయు ఉండును. నాలుగవది మిశ్రమపద్ధతి: కొంత తరగతిలో, కొంత ఇంటివద్ద.

ఈ విభజన నేటిది కాదు. లండను విశ్వవిద్యాలయము 1858లోనే, తన కళాశాలలలో చదువనివారు సైతము పరీక్షకు కూర్చుండుటకు వీలు కల్పించెను. మన దేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లోను తపాలా మూలముగా బోధన ఆరంభించినవి. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. దేశమున ఇట్టివానిలో ఇదియే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కరు పేరు పెట్టబడెను. దాని తొలి ఉపాధ్యక్షులైన జి. రాంరెడ్డిగారే 1985లో స్థాపింపబడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షులైరి. 2017లో కేంద్రప్రభుత్వము ‘స్వయం’ అను ఆన్‌లైన్ పాఠశాలను తెరచెను. కళాశాల యంగీకరించినచో, ఒక సెమిస్టరులోని కోర్సులలో నూటికి 40 వరకు దానిద్వారా చదువవచ్చునని 2021 నాటి నిబంధనలు తెలుపుచున్నవి.

దూరపు సంగతులు విడిచి మన యూరి లెక్క చూతము. ఆదోని, కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు పల్లెలనుండి అనేక కుటుంబములు పైరు ముగిసిన పిమ్మట గుంటూరు సీమకు పత్తి తీయుటకును మిరపకాయలు కోయుటకును వలసపోవుట మన మెరుగుదుము. పెద్దపిల్లలును వెంట పోవుదురు. కళాశాలలో సాధారణముగా నూటికి 75 హాజరు ఉండవలయును. 60 గంటల విషయములో 45 గంటలు తప్పనిసరి. మానుటకు వీలైనవి 15 మాత్రమే. వారమునకు నాలుగు గంటల చొప్పున ఇది నాలుగు వారములైనను కాదు. రెండునెలలు వలసపోయిన పిల్లవాడు 32 గంటలు పోగొట్టుకొనును. వాని తెలివికి లోపము లేదు, శ్రద్ధకు లోపము లేదు. లెక్కయే వానిని ఓడించుచున్నది. ఇట్టివానిని మొదటి దారిలో చేర్చుటకు ముందు, వలసకాలమున వానిని బంధువుల యింటనో వసతిగృహముననో నిలుపగలమా యని తల్లిదండ్రులు ఆలోచింపవలయును.

అట్లయిన మూడవదారియే సులభమా? కాదు. ఒక సెమిస్టరులో 4 క్రెడిట్ల విషయములు ఐదు ఉన్నవనుకొందము. 120 గంటల చొప్పున మొత్తము 600 గంటలు. వానిని 24 వారములకు పంచిన వారమునకు 25 గంటలు. అనగా దినమునకు మూడున్నర గంటలకు పైబడును. దూరవిద్యలో గంటలు తగ్గవు. కాలపట్టిక వ్రాయు భారము మాత్రము కళాశాల చేతినుండి విద్యార్థి చేతికి మారును. గంట కొట్టువాడు లేడు, హాజరు పిలుచువాడు లేడు. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచిన దిదియే.

కొన్ని చదువులకు మూడవదారి లేనేలేదు. ఇంజనీరింగు, వైద్యము, నర్సింగు, వ్యవసాయము మొదలగు డిగ్రీలను దూరవిద్యగా నడుపుటకు విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము ననుమతి లేదు. రోగి మంచముప్రక్క నేర్వవలసినది తపాలాలో రాదు గదా. తక్కిన డిగ్రీల విషయములో, ఆ సంఘముచే అనుమతి పొందిన సంస్థ యిచ్చు దూరవిద్యా పట్టము, ఆన్‌లైన్ పట్టము కళాశాల పట్టముతో సమానమని 2020 నాటి నిబంధనలు తెలుపుచున్నవి. అయితే అనుమతి సంస్థకు మాత్రమే కాదు, ఆ చదువునకును ఆ సంవత్సరమునకును ఉన్నదా యని చూడవలయును.

కావున రుసుము చెల్లించుటకు ముందు ఈ ప్రశ్నలు అడుగుడు. తరగతి యే గంటకు, వారమునకు ఎన్ని దినములు? ప్రయోగములు ఎక్కడ? హాజరు ఎంత? పరీక్షాకేంద్రము ఆదోనిలోనా, కర్నూలులోనా? ఆన్‌లైన్ అన్నచో గంట నిర్ణయింపబడినదా, కాదా? ఇంట ఫోను ఒక్కటియే యున్న యెడల ఆ గంటకు అది యెవరి చేతిలో నుండును? ఎమ్మిగనూరునుండి ఆదోనికి సుమారు 30 కిలోమీటరులు. ఆ రాకపోకల కాలమునుగూడ చదువు గంటలలో చేర్చి లెక్కింపుడు.

నేతపనివానికి మే మీ లెక్కయే చెప్పితిమి. ఆయన కొంతసేపు మౌనముగా నుండి, “అయితే దినానికి మూడున్నర గంటలు మగ్గం నేను చూసుకోవాలన్నమాట” అనెను. అవును. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని మన ప్రభువు చెప్పిన ఉపమానమును మన పిల్లలు ఆదివారపు బడిలో విన్నవారే. చదువునకు అయ్యెడి ఖర్చు రూపాయలు మాత్రమే కాదు, గంటలునుగూడ. ఆ గంటలను ఇంటిల్లిపాది కలిసి ముందుగా లెక్కించి సమకూర్చినచో, ఏ దారిన బోయినను మన పిల్లలు గమ్యము చేరుదురని మా నమ్మకము.