బిల్లు కట్టేది ఒకరు... మీటరు మరొకరిది!

ఇల్లు ఓనరుది. అందులో తిరిగే ఫ్యాను కిరాయిదారుది. మరి మెట్ల కింద గోడకున్న కరెంటు మీటరు ఎవరిది? కరెంటు ఆఫీసు లెక్కలో జవాబు ఒక్కటే... సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్లది. ఇన్నాళ్లూ ఆ పేరు సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 200 యూనిట్ల దాకా ఉచితం అన్న రోజు నుంచీ మాత్రం ఆ పేరూ, బిల్లు మీదుండే ఆ నంబరూ నెలనెలా వందల రూపాయల తేడా తెస్తున్నాయి.

దుండిగల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. 1967లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ దానికి శంకుస్థాపన చేసినప్పుడు చుట్టూ ఉన్నవి పొలాలూ, చెరువులూ, చిన్న చిన్న ఊళ్లూ. ఇప్పుడో? ఒకవైపు ఔటర్ రింగురోడ్డు, మరోవైపు వరసగా ఇంజినీరింగ్ కాలేజీలు. గండిమైసమ్మ చౌరస్తా నుంచి ఎటు కదిలినా కొత్త గోడలే. 2018లో దుండిగల్ మున్సిపాలిటీ అయ్యేనాటికే బౌరంపేట, మల్లంపేట, బహదూర్‌పల్లి పేర్లు టు-లెట్ బోర్డుల మీదికి ఎక్కేశాయి. పరిశ్రమల్లో షిఫ్టులకు వెళ్లేవాళ్లు, నలుగురైదుగురు కలిసి గది తీసుకునే విద్యార్థులు, సొంతిల్లు కట్టుకునేదాకా ఇక్కడే సర్దుకుందామనుకునే కుటుంబాలు... అందరికీ కావాల్సింది ఓ పోర్షనే.

ఇక్కడి ఇళ్లు పెరిగిన తీరు కూడా చెప్పుకోవాలి. మొదట ఓనరు తనకోసం కింద రెండు గదులు వేసుకుంటాడు. మీటరు అప్పుడు పెట్టించిందే. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక పైన ఓ అంతస్తు. ఇంకో రెండేళ్లకు ఆ పైన రేకుల గదో, పెంట్‌హౌసో. ఇల్లు మూడు అంతస్తులైనా మీటరు మాత్రం ఒక్కటే! పైవాళ్లకు ఓ సబ్‌మీటరు బిగించేస్తారు.

అందుకే ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు 'కిరాయెంత... అడ్వాన్సెన్ని నెలలు... బోరులో నీళ్లున్నాయా...' అన్నీ అడిగి గుమ్మం దిగుతూ చివర్న అడిగే 'ఆంటీ, కరెంటు సెపరేటేనా?' అన్న ప్రశ్న నిజానికి మొదట అడగాల్సింది.

ఇద్దరి తప్పూ లేదు... తప్పు మీటరుది

సబ్‌మీటరు ఉన్న ఇళ్లలో మామూలుగా వినిపించే మాట... 'యూనిట్‌కు తొమ్మిది రూపాయలు', లేదంటే 'పది'. కిరాయిదారుకు కడుపు మండుతుంది. కరెంటోళ్లు రెండు రూపాయలకే ఇస్తుంటే ఈయనకు పదెందుకు అని. అసలు లెక్కేంటో ఓసారి వేసి చూద్దాం.

2022 ఏప్రిల్‌లో తెలంగాణలో అమల్లోకి వచ్చిన గృహ వినియోగ రేట్ల ప్రకారం నెలకు వంద యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లకు రూ.1.95, ఆపైన రూ.3.10. వంద దాటి 200లోపు ఉంటే మొదటి వందకు రూ.3.40, తర్వాతి వందకు రూ.4.80. 200 దాటిందా... ఇక మొదటి యూనిట్ నుంచే రూ.5.10. 201 నుంచి 300 దాకా రూ.7.70, ఆపైన 400 దాకా రూ.9. స్థిర ఛార్జీల్లాంటివి వీటికి అదనం. వాడకం పెరిగేకొద్దీ రేటూ మెట్లెక్కుతుందన్నమాట.

కింద ఓనరు కుటుంబం ఏసీ, గీజరు కలిపి 300 యూనిట్లు వాడిందనుకుందాం. అయ్యేది రూ.1,790. పై గదిలో కొత్తగా పెళ్లయిన జంట వాడింది 80 యూనిట్లే. వాళ్లకు సొంత మీటరుంటే అయ్యే ఖర్చు అక్షరాలా రూ.190.50. కానీ మీటరు ఒక్కటే కాబట్టి ఆ 80 యూనిట్లూ వచ్చి ఓనరు 300 మీద కూర్చుంటాయి. ఒక్కోటీ తొమ్మిది రూపాయల మెట్టు మీద! అంటే రూ.720. బిల్లు రూ.2,510కి చేరుతుంది. ఓనరు తొమ్మిది రూపాయలు అడిగితే అందులో ఆయనకు మిగిలేది పైసా లేదు. పై జంట కడుతున్నది మాత్రం తమ అసలు ఖర్చుకు మూడున్నర రెట్లకు పైనే. ఇద్దరూ నిజాయతీపరులే, ఇద్దరికీ అవతలివాళ్ల మీద అనుమానమే. నెలనెలా మెట్ల మీద జరిగే వాదనల్లో చాలావాటి వెనకున్నది ఈ లెక్కే.

ఇంకో ఇల్లు. కిందో కుటుంబం, పైనో కుటుంబం, చెరో 150 యూనిట్లు. విడి మీటర్లుంటే చెరి రూ.580, మొత్తం రూ.1,160. ఒకే మీటరైతే 300 యూనిట్లకు రూ.1,790. ఊరికే పోతున్నది రూ.630.

సున్నా బిల్లు ఎవరికి?

2024 ఫిబ్రవరి 27న గృహజ్యోతి పథకం ప్రారంభమైంది. మార్చి బిల్లుల నుంచి 200 యూనిట్లలోపు వాడే అర్హులకు జీరో బిల్లులు మొదలయ్యాయి. రేషన్ కార్డు, ఆధార్, కరెంటు సర్వీసు నంబరు... మూడూ ఒకదానికొకటి ముడిపడాలి. ఇది సొంతింటివాళ్లకేనా అన్న అనుమానం అప్పట్లో చాలామందిని పీడించింది. కాదు. కిరాయికున్నవాళ్లూ తమ రేషన్ కార్డును తాముంటున్న ఇంటి సర్వీసు నంబరుకు కలుపుకోవచ్చు. మీటరు ఓనరు పేరున ఉన్నా సరే. ఒక కార్డుకు ఒకే కనెక్షన్.

ఇప్పుడు పై లెక్కను మళ్లీ చూడండి. చెరో 150 యూనిట్లు వాడే ఆ రెండు కుటుంబాలకూ కార్డులుండి, విడి మీటర్లుంటే ఇద్దరికీ సున్నా. ఒకే మీటరుంటే 300 యూనిట్లు కాబట్టి ఎవరికీ పథకం లేదు. సున్నాకూ రూ.1,790కీ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క మీటరు! 200 దాటితే దాటినంతకే కాదు, బిల్లు మొత్తం కట్టాల్సిందే మరి.

కొందరు ఓనర్లకు దీంట్లో ఓ భయం. 'మా మీటరుకు వాళ్ల ఆధార్ పెడితే రేపు ఇల్లు మాదే అంటారేమో!' అని. ఆ భయానికి ఆధారం లేదు. రాయితీ కోసం సర్వీసు నంబరుకు కార్డు కలిపినంత మాత్రాన మీటరు మీద పేరే మారదు, ఇంటి మీద హక్కు ఎక్కడ్నుంచి వస్తుంది? అయితే కిరాయిదారు ఖాళీ చేశాక కూడా ఆ నంబరు వాళ్ల కార్డుతోనే ఉండిపోతే తర్వాత దిగేవాళ్లకు చిక్కు. పాతవాళ్లకు కూడా కొత్త ఇంట్లో చిక్కే. తాళాలు ఇచ్చే ముందే ప్రజాపాలన సేవా కేంద్రంలో నంబరు మార్పించుకోవడం ఇద్దరికీ మంచిది. మన తెలుగువాళ్లు వేలల్లో ఉండే బెంగళూరులోనూ ఇదే సమస్య వచ్చింది. అక్కడి గృహజ్యోతి 2023లో మొదలైతే, ఇల్లు మారేవాళ్లు పాత మీటరు నుంచి ఆధార్‌ను విడదీసుకునే వీలు మరుసటి ఏడాదికి గానీ రాలేదు.

గది పంచుకునే విద్యార్థుల సంగతి వేరు. వాళ్ల పేర్లు ఊళ్లో అమ్మానాన్నల కార్డులో ఉంటాయి. ఆ కార్డు ఊళ్లోని ఇంటి మీటరుకే. కాబట్టి వాళ్లు బిల్లు కట్టుకోవాల్సిందే, ఐదుగురూ పంచుకుని.

పాత బాకీ ఎవరి నెత్తిన?

మే నెల వస్తే కాలేజీల చుట్టుపక్కల గదులు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. పరీక్షలైపోయాయి, బస్సెక్కేశారు. ఆఖరి నెల కరెంటు బిల్లు పదో తారీఖున వస్తుంది... అప్పటికి కుర్రాళ్లెవరూ ఉండరు. అడ్వాన్సులో మిగిలింది ఏమైనా ఉంటే సరి, లేదంటే ఓనరే కట్టుకోవాలి. ఎందుకంటే కరెంటు సంస్థకు తెలిసిన మనిషి ఆయనే. 'వాడింది మేం కాదు, కిరాయివాళ్లు' అంటే అక్కడ చెల్లదు. బకాయి ఉంటే 15 రోజుల నోటీసిచ్చి సరఫరా ఆపే అధికారం 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షన్ సంస్థలకు ఇచ్చింది.

బాకీ మనిషిని కాదు, ఇంటిని పట్టుకుంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన విద్యుత్ సరఫరా నిబంధనల్లోనే ఈ మాట ఉంది... ఇల్లు అమ్మేవారు బకాయిలు తీర్చకపోతే, అవి తీరేదాకా ఆ ఆవరణకు కొత్త కనెక్షన్ కూడా నిరాకరించొచ్చని. 2023 మేలో కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు కూడా, నిబంధనలు అలా ఉంటే పాత యజమాని బాకీని కొత్తవారి నుంచి కోరవచ్చని తేల్చింది. ఆ తీర్పు ఆస్తులు కొన్నవాళ్ల గురించే. అయినా కిరాయికి దిగేవాళ్లు తెలుసుకోవాల్సిందీ అందులో ఉంది. ముందున్నవాళ్లు మూణ్నెల్లు ఎగ్గొట్టి పోతే, లైన్‌మన్ వచ్చి ఫ్యూజు తీసేది ఇవాళ ఆ ఇంట్లో ఉన్నవాళ్లదే.

బిల్లులో ఒక్కోసారి ఏసీడీ అని ఓ మొత్తం కనిపిస్తుంది. అదనపు డిపాజిట్ అన్నమాట. వాడకం పెరిగిందని సంస్థ అడిగేది. ఇది వాడిన కరెంటు ఖరీదు కాదు, సర్వీసు పేరున జమయ్యే సొమ్ము. దానిమీద వడ్డీ కూడా చట్టప్రకారం ఆ ఖాతాకే జమవుతుంది. చాలామంది కిరాయిదారులు తెలియక బిల్లుతోపాటే కట్టేస్తారు. అంటే ఓనరు డిపాజిట్‌ను వాళ్లు నింపినట్టు. ఆ మొత్తాన్ని కిరాయిలో తగ్గించమని అడగడం మొహమాటపడాల్సిన విషయమేమీ కాదు.

కోపమొస్తే ఫ్యూజు పీకేస్తే?

ఖాళీ చేయమంటే చేయట్లేదని నీళ్ల మోటారు ఆపేయడం, మెయిన్ ఆఫ్ చేయడం... ఇవి కొత్తవేం కాదు. సరైన కారణం లేకుండా కిరాయిదారు అనుభవిస్తున్న సౌకర్యాలను ఆపకూడదని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే చెప్పింది. కాకపోతే 2005 సవరణతో నగరపాలక సంస్థల్లో నెలకు రూ.3,500, మిగతా చోట్ల రూ.2,000 దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించకుండా పోయింది. ఆ అద్దెకు ఇవాళ దుండిగల్ దరిదాపుల్లో కుటుంబం ఉండే పోర్షన్ ఎక్కడ దొరుకుతుంది? కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా నీళ్లూ కరెంటూ ఆపొద్దనే అంటుంది, కానీ అది రాష్ట్రం చట్టంగా చేసుకున్న చోటే పనికొస్తుంది.

ఇక్కడ కిరాయిదారుకు గట్టి ఆసరా విద్యుత్ చట్టమే. 43వ సెక్షన్ ప్రకారం కనెక్షన్ అడిగే హక్కు ఇంటి యజమానికే కాదు, అందులో ఉంటున్నవారికి కూడా ఉంది. 2022 మేలో సుప్రీంకోర్టు దీన్నే ఖాయం చేసింది. యజమాని ఒప్పుకోలేదన్న ఒక్క కారణంతో కిరాయిదారుకు కరెంటు కాదనకూడదని, అడిగినవారు ఆ ఇంట్లో ఉంటున్నారా లేదా అన్నది చూస్తే చాలని చెప్పింది. ఆచరణలో కరెంటు ఆఫీసులో కాగితం అడుగుతారు కాబట్టి అద్దె ఒప్పందం చేతిలో ఉండాలి. చాలామంది రాసుకునే 11 నెలల ఒప్పందంలో కిరాయి, అడ్వాన్సు తప్ప మీటరు ఊసే ఉండదు. సర్వీసు నంబరు, దిగిన రోజు రీడింగు, ఏసీడీ ఎవరిది, మోటారు కరెంటు ఎలా పంచుకోవాలి... ఈ నాలుగూ రాసుకుంటే సగం గొడవలు పుట్టవు. తాళాలు తీసుకునే రోజూ ఇచ్చే రోజూ మీటరును సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి ఓనరు వాట్సాప్‌కు పంపితే సాక్ష్యం ఇద్దరి దగ్గరా ఉంటుంది. బిల్లు మీదుండే యూఎస్‌సీ నంబరు కొడితే బకాయి ఎంతుందో టీజీఎస్పీడీసీఎల్ వెబ్‌సైట్లోనే కనిపిస్తుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు చూసుకోవాల్సింది అది.

అమెరికాలో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో అపార్టుమెంటు తీసుకునే మన కుర్రాళ్లకు ఈ బాధ లేదు. దిగే ముందే కరెంటు కంపెనీని వాళ్లే ఎంచుకుని ఖాతా తమ పేరునే తెరుచుకోవాలి. వెళ్లేటప్పుడు మూసేసుకోవాలి. ఎగ్గొడితే ఆ మచ్చ ఓనరుకు కాదు, వాళ్లకే.

నీళ్ల సంగతీ మీటరు లాంటిదే. జలమండలి క్యాన్ నంబరు ఇంటితోనే ఉంటుంది. 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్లు మొదలైంది జీహెచ్‌ఎంసీ పరిధిలో. దుండిగల్ అప్పటికి వేరే మున్సిపాలిటీ. ఇక ఎండాకాలం ట్యాంకరు డబ్బులంటారా... అది ఏ ఖాతాలోకీ ఎక్కని లెక్క, మనుషుల్ని బట్టి తలా ఇంతని పంచుకునేదే.

కిరాయిదారు వెంట నడిచొచ్చే ఖాతా ఒక్కటుంది... వంటగ్యాసు. అది ఇంటిది కాదు, మనిషిది. ఊరు మారేటప్పుడు సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీలో అప్పగిస్తే డిపాజిట్ తిరిగిచ్చి టెర్మినేషన్ వోచరు రాసిస్తారు. కొత్త ఊళ్లో ఆ కాగితం చూపిస్తే కనెక్షన్ మళ్లీ మన పేరునే.