ఉప్పుకండ: ఎండలో సగం వంట, మూకుట్లో సగం

తర్లుపాడు పక్క వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి కూడా పొడిగా ఉంటుంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మిగిలిన పొట్టేలు మాంసం నిలవ ఉండాలంటే ఆ ఎండే దిక్కు. సన్నగా పొడవుగా చీల్చి, ఉప్పు, పసుపు, కారం పట్టించి దండెం మీద వేలాడదీసేవాళ్లు. అదే ఉప్పుకండ. పంది పొట్టమాంసానికి ఉప్పు పట్టించి నిలవచేసే బేకన్ దీనికి దూరపు చుట్టం. ఉప్పుకండంటే నాకు ప్రాణం. అందుకే దాని చుట్టూ అల్లుకున్న తప్పుడు మాటలు వింటే ఊరుకోలేను.

అపోహ: ఎండితే క్రిములన్నీ చస్తాయి.

చావవు, పెరగడం ఆగుతుంది. పచ్చి మాంసంలో నూటికి 75 పాళ్లు నీరే. ఉప్పు, ఎండ కలిసి ఆ నీటిని లాగేస్తే క్రిములకు బతుకుతెరువు ఉండదు. కానీ సాల్మొనెల్లా వంటివి ఎండు ముక్కలో కూడా చావకుండా కాచుకుని ఉంటాయి. వండేటప్పుడు ముక్క లోపలి దాకా 74 డిగ్రీల వేడి తగలాల్సిందే. అసలు గండం మొదటి రోజుది. ఉప్పుకు ఓర్చుకునే స్టెఫిలోకాకస్ తడి ఆరకముందే పెరిగితే, అది వదిలిన విషం తర్వాత ఎంత ఉడికించినా పోదు. మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు. ముక్క వేలికన్నా లావుండకూడదు. ఈగలు వాలకుండా పల్చటి గుడ్డ కప్పాలి.

అపోహ: పసుపు దండిగా వేస్తే ఉప్పు తగ్గించొచ్చు.

నిలవ పెట్టేది ఉప్పే. పసుపు తోడు మాత్రమే.

అపోహ: కొవ్వుంటేనే రుచి.

బేకన్‌కు ఆ మాట నిజం. ఉప్పుకండకు కాదు. కొవ్వు ఎండదు, ఎండకు కారి పాత నూనె వాసన వస్తుంది. కోసేటప్పుడే తీసేయాలి.

బూజు పట్టినదాన్ని తుడిచి మళ్లీ ఎండబెడితే సరిపోతుందనేవాళ్లూ ఉన్నారు. బూజు వదిలిన విషం ముక్క లోపలికి దిగుతుంది. పారేయండి.

అపోహ: మందులు కలపలేదు, ఇంట్లో చేసింది, ఎంత తిన్నా మంచిదే.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో క్యాన్సర్ కారకమని తేల్చిన ప్రాసెస్డ్ మాంసంలో, ఉప్పు పట్టించి నిలవచేసినవి కూడా ఉన్నాయి. ఇలాంటి మాంసం రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుంది. ఉప్పు సంగతీ చూడండి. కిలోకి 50 గ్రాములు పట్టించారనుకుందాం. ముక్కలు ఎండి 350 గ్రాములకు దిగితే నీరు పోయింది గానీ ఉప్పు దాదాపు అంతా అందులోనే ఉంది. రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పండక్కో, చుట్టాలొచ్చినప్పుడో వండుకునేదిగానే ఉండనివ్వండి.

అపోహ: నూనె పొగలు కక్కేలా కాగాకే ముక్కలు వేయాలి.

పైన మాడుతుంది, లోపల తోలులా ఉండిపోతుంది. బేకన్‌నూ చల్లటి పెనం మీదే పరిచి సన్నమంట పెడతారు, కొవ్వు నిదానంగా కరగాలని. ఉప్పుకండను ముందు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, కడిగి, మెత్తబడే దాకా ఉడికించాలి. ఆ నీళ్లు వంచేసి, ముక్క రుచి చూశాకే ఉప్పు సంగతి ఆలోచించాలి. తర్వాత కొద్ది నూనెలో ఉల్లిపాయ, ఎండుమిర్చితో సన్నమంట మీద వేపాలి. అంచులు కరకరలాడుతూ నడుమ ఇంకా మెత్తగా ఉండగానే దించితే, వేడి జొన్నరొట్టెలోకి వేరే కూర అక్కర్లేదు.